పోర్ట్ 8080 ఎవరి దగ్గరుంది? ఆ ప్రోగ్రామ్‌ని పట్టుకోవడం ఎలా

రాత్రి పదకొండున్నరకి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. మారతహళ్లిలో పీజీలో ఉంటాడు, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు, తెల్లారితే డెమో. "బావా, సర్వర్ లేవట్లేదు, అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్ అంటోంది, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ కొట్టేయనా?" అన్నాడు. కొడితే పనైపోతుంది, కాదనను. కానీ రేపు ఇదే ఎర్రర్ పదిమంది వాడుతున్న ఆఫీసు సర్వర్ మీద వస్తే అప్పుడూ రీస్టార్టేనా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. సరే, టెర్మినల్ తెరువు, నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు అన్నాను. ఇదే ప్రశ్న ఏడాదికి ఐదారుగురైనా అడుగుతారు, ప్రతిసారీ ఫోన్ పట్టుకుని చెప్పే ఓపిక నాకు లేదు, అందుకని ఆ రాత్రి వాడికి చెప్పిందంతా, చెప్పకుండా మిగిలినవి కూడా కలిపి ఇక్కడ రాసేస్తున్నా.

కమాండ్లు ఫోన్‌లో ఎలా పలికానో అలాగే తెలుగులో రాస్తాను. మీరు టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో, అవీ చిన్నవే కొట్టాలి. పెద్దక్షరం కావాల్సిన చోట చెప్తాను. చుక్కలు, గీతలు, స్పేసులు మాత్రం ఇక్కడ ఎలా ఉంటే అలాగే.

అసలు ఆ ఎర్రర్ ఏమంటోంది

పోర్ట్ అంటే ఒక నంబర్, అంతే. 16 బిట్లలో పట్టే నంబర్ కాబట్టి 0 నుంచి 65535 దాకా ఉంటుంది. "ఈ మెషీన్‌లో 8080కి ఎవరొచ్చినా నాకు పంపు" అని మన ప్రోగ్రామ్ కెర్నల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి, చెప్పి పెట్టుకోవడాన్నే బైండ్ చేయడం అంటారు. అప్పటికే ఇంకోడు అదే అడ్రస్ మీద అదే నంబర్ చెప్పి పెట్టుకుని కూర్చుంటే, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా, కెర్నల్ రెండోవాణ్ణి వెనక్కి పంపేస్తుంది. లినక్స్‌లో ఈ ఎర్రర్ నంబర్ 98, మ్యాక్‌లో 48. ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపి సాయం అడిగితే ఆ నంబర్ చూసే వాళ్లు ఏ మెషీన్ మీద ఉన్నారో చెప్పేయొచ్చు.

ఒకటి మాత్రం కలగలపకండి. "పర్మిషన్ డినైడ్" అని వస్తే అది వేరే కథ. లినక్స్‌లో 1024 కంటే తక్కువ పోర్టులు తీసుకోవాలంటే మామూలు యూజర్‌కి కుదరదు, రూట్ కావాలి, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్. అక్కడ పోర్ట్ ఖాళీగానే ఉంటుంది, మనకే అర్హత లేదు. ఎవరు వాడుతున్నారా అని వెతికి లాభం లేదు.

మొదట నంబర్ ఏదో తేల్చుకోండి

నవ్వకండి, ఇక్కడే సగం మంది తప్పుతారు. కొన్ని ప్రోగ్రాములు పోర్ట్ దొరకలేదని చెప్తాయి గానీ ఏ పోర్టో చెప్పవు. కొన్ని ఒకేసారి రెండు మూడు పోర్టులు తెరుస్తాయి, ఒకటి అసలు పనికి, ఒకటి డీబగ్గర్‌కి, ఒకటి మెట్రిక్స్‌కి. మనం 8080 చుట్టూ తిరుగుతూ ఉంటే అసలు గొడవ డీబగ్గర్ పోర్ట్ దగ్గర ఉంటుంది. లాగ్‌లో చివరి లైన్ ఒక్కటే కాకుండా పైకి వెళ్లి చూడండి, కాన్ఫిగ్ ఫైల్ కూడా తెరవండి. అది టీసీపీనా యూడీపీనా (నెట్‌వర్క్‌లో డేటా పంపే రెండు పద్ధతులు) అన్నది కూడా చూసుకోండి, ఎందుకంటే టీసీపీ 53, యూడీపీ 53 రెండూ వేరువేరు, ఒకటి ఒకరి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర ఉండొచ్చు.

లినక్స్ అయితే: ఎస్ఎస్

సుడో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ

అంతే కమాండ్. సుడో (ఎస్ యూ డీ ఓ) అంటే రూట్ అధికారంతో నడుపు అని. ఎల్ అంటే లిజన్ చేస్తున్నవి, అంటే కనెక్షన్ల కోసం పోర్ట్ తెరిచి కూర్చున్నవి మాత్రమే, టీ అంటే టీసీపీ, ఎన్ అంటే పేర్లు కాకుండా నంబర్లు చూపించు, పీ అంటే ప్రాసెస్ ఎవరో చెప్పు. అక్షరాల వరుస ఎలా ఉన్నా పర్లేదు. యూడీపీ కూడా కావాలంటే యూ కలిపితే సరి. పాత చేతులు కొందరు దీన్ని తులిప్ పువ్వులా గుర్తుపెట్టుకుంటారు, టీ యూ ఎల్ పీ ఎన్, నాకూ అలాగే గుర్తుండిపోయింది.

లిస్ట్ పెద్దగా వస్తే మనక్కావాల్సిన ముక్కే ఏరుకోవాలి. చాలామంది పైప్ (|) పెట్టి గ్రెప్ :80 (అంటే :80 ఉన్న లైన్లే చూపించు) అని కొడతారు, అప్పుడు 80తో పాటు 8080, 8081, 8000 అన్నీ వచ్చి పడతాయి, కంగారులో వేరేవాణ్ణి చంపే ప్రమాదం ఉంది. ఎస్ఎస్‌కే నేరుగా చెప్పొచ్చు:

సుడో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ 'స్పోర్ట్ = :8080'

స్పోర్ట్ అంటే ఆటలు కాదు, సోర్స్ పోర్ట్, ఎస్ పీ ఓ ఆర్ టీ. సమానం గుర్తుకి అటూ ఇటూ స్పేస్ ఉంచండి, కొటేషన్ మార్కులు కూడా వదలొద్దు.

మా వాడి స్క్రీన్ మీద ఒకే ఒక్క లైన్ వచ్చింది. ఎడమ చివర లిజన్, మధ్యలో నక్షత్రం గుర్తు, దాని పక్కన :8080, కుడి చివర యూజర్స్ అని మొదలై జంట బ్రాకెట్లలో "జావా", పిడ్ 48213, ఎఫ్‌డీ 45. ఆ పిడ్ పక్కనున్నదే మనక్కావాల్సింది, ప్రాసెస్ నంబర్. ఎఫ్‌డీ సంగతి ఇప్పుడు వదిలేయండి, చివర్లో పనికొస్తుంది.

మధ్యలో ఉన్న అడ్రస్‌ని కూడా ఓసారి చూడండి. 127.0.0.1 అని ఉంటే ఈ మెషీన్ లోపలివాళ్లకే, 0.0.0.0 గానీ నక్షత్రం గానీ ఉంటే బయటినుంచి వచ్చేవాళ్లకి కూడా. చదరపు బ్రాకెట్లలో రెండు కోలన్లు ఉంటే అది ఐపీవీ6, కొత్త తరం ఐపీ అడ్రస్. ఇదెందుకు చెప్తున్నానంటే, ఒకడు 127.0.0.1 మీద 3000, ఇంకోడు ఐపీవీ6 లోకల్ అడ్రస్ మీద అదే 3000 తీసుకుని ఇద్దరూ హాయిగా నడవగలరు. ఎర్రర్ ఏమీ రాదు, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొడితే మాత్రం నిన్నటి ప్రాజెక్ట్ పేజీ తెరుచుకుంటుంది, కోడ్ ఎంత మార్చినా మారదు. గంటలు గంటలు కాష్ క్లియర్ చేసుకుంటూ కూర్చునేది ఇలాంటప్పుడే.

సుడో ఎందుకు అంటారా? అది లేకుండా కొట్టినా లైన్ వస్తుంది, కానీ ఆ ప్రాసెస్ వేరే యూజర్‌ది అయితే కుడి చివర ఖాళీగా ఉంటుంది. పోర్ట్ మాత్రం నిండుగా, మనిషి మాత్రం మాయం. సుడో లేకుండా కొట్టి "దెయ్యం పట్టింది" అని నాకు మెసేజ్ పెట్టినవాళ్లున్నారు.

నెట్‌స్టాట్ గురించి అడుగుతారని తెలుసు. పనిచేస్తుంది, సుడో నెట్‌స్టాట్ -టీయూఎల్‌పీఎన్ అని కొడితే లినక్స్‌లో ఇవే వివరాలు ఇస్తుంది. కాకపోతే అది నెట్-టూల్స్ అనే పాత ప్యాకేజీలోది, ఇప్పటి లినక్స్‌లు చాలావాటిలో ముందుగా ఉండదు. ఎస్ఎస్ ఐపీరూట్2 ప్యాకేజీతో వస్తుంది, దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎస్ఎస్ నేర్చుకోండి.

ఎక్కడైనా పనికొచ్చేది: ఎల్ఎస్ఓఎఫ్

పేరు పూర్తిగా చెప్పాలంటే లిస్ట్ ఓపెన్ ఫైల్స్. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో పనిచేసిన విక్ ఏబెల్ రాసింది. యూనిక్స్‌లో ప్రోగ్రామ్ తెరిచిన సాకెట్ (నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం) కూడా ఒక ఫైల్ లాంటిదే, అందుకే తెరిచిన ఫైళ్ల లిస్ట్ అడిగితే పోర్టులు కూడా బయటపడతాయి. మ్యాక్‌లో ముందే ఉంటుంది, లినక్స్‌లో లేకపోతే వేసుకోవాలి.

సుడో ఎల్ఎస్ఓఎఫ్ -ఎన్ -పీ -ఐటీసీపీ:8080 -ఎస్‌టీసీపీ:లిజన్

ఇందులో పెద్దక్షరాలు మూడుచోట్ల ఉన్నాయి. రెండో గీత తర్వాత పీ పెద్దది. టీసీపీ రెండుచోట్లా పెద్దక్షరాలే, లిజన్ మొత్తం పెద్దక్షరాలే. ఐ, ఎస్, ఎన్ చిన్నవి. ఐకి టీసీపీకి మధ్య, ఎస్‌కి టీసీపీకి మధ్య స్పేస్ లేదు. మా వాడు చిన్న పీ కొట్టాడు, అదేమో ప్రాసెస్ నంబర్ ఇవ్వమనే ఆప్షన్, దాంతో ఎర్రర్ తిట్లు మొదలుపెట్టింది.

చిన్న ఎన్ పెడితే ఐపీలకి పేర్లు వెతకడం మానేస్తుంది, ఫలితం చటుక్కున వస్తుంది. పెద్ద పీ పెడితే పోర్టులకి పేర్లు పెట్టడం మానేస్తుంది. అది లేకపోతే 8080 బదులు హెచ్‌టీటీపీ-ఆల్ట్ అనో ఇంకోటో చూపిస్తుంది, ఎందుకంటే /ఈటీసీ/సర్వీసెస్ అనే ఫైల్‌లో ఆ నంబర్‌కి ఆ పేరు రాసుంటుంది. పేరు చూసి అదేదో సర్వీస్ నడుస్తోందని నమ్మేయకండి. అది నంబర్‌కి పెట్టిన పేరు, లోపల కూర్చున్నవాడి పేరు కాదు.

ఇక చివరి ముక్క, లిజన్ అన్నది, అది మాత్రం ఎప్పుడూ వదలొద్దు. ఎందుకో చెప్తా. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఒక మంత్రం కనిపిస్తుంది, ఎల్ఎస్ఓఎఫ్‌కి -టీ పెట్టి పిడ్‌లు మాత్రమే తీసుకుని వాటిని అటునుంచి అటే కిల్ -9కి పంపేయడం. మా టీమ్‌లో ఒకాయన దాన్ని చిన్న పేరుతో ఏలియాస్ చేసుకుని రోజూ వాడేవాడు. ఒకరోజు అది కొట్టగానే సర్వర్‌తో పాటు బ్రౌజర్ కూడా మాయమైంది, అందులో సగం నింపిన ఫామ్ కూడా. తప్పు కమాండ్‌ది కాదు. లిజన్ అని చెప్పకపోతే 8080తో సంబంధమున్న ప్రతివాణ్ణీ ఎల్ఎస్ఓఎఫ్ చూపిస్తుంది, ఆ పోర్ట్ తెరిచి కూర్చున్నవాణ్ణీ, ఆ పోర్ట్‌కి కనెక్ట్ అయినవాణ్ణీ. బ్రౌజర్‌లో ఆ పేజీ తెరిచి ఉంది కాబట్టి బ్రౌజర్ పిడ్ కూడా లిస్ట్‌లోకి వచ్చింది, కిల్ దానికీ తగిలింది.

ఫ్యూజర్ అని ఇంకోటుంది, సుడో ఫ్యూజర్ -వీ 8080/టీసీపీ అని కొడితే లినక్స్‌లో పిడ్ ఇస్తుంది. బాగానే ఉంటుంది, చిన్నది. కానీ దానికి కే తగిలిస్తే అడగకుండా నేరుగా 9 నంబర్ సిగ్నల్ పంపేస్తుంది, నేను ఆ జోలికి పోను. మ్యాక్‌లో ఉన్న ఫ్యూజర్‌కి ఈ పోర్టుల విద్య రాదు.

పిడ్ దొరికింది, మరి ఆ మనిషెవరు?

"జావా అంట బావా, చంపేయనా?" అన్నాడు మా వాడు. ఆగరా అన్నాను. జావా అంటే ఏం తెలిసింది? నీ ప్రాజెక్టా, నువ్వు కోడ్ రాసుకునే ఐడీఈ నడిపేదా, ఇంకేదైనా టూలా? పేరు చూసి చంపితే ఐదింట్లో ఒకసారైనా తప్పు పీక నొక్కుతాం.

పీఎస్ -ఓ యూజర్,పీపిడ్,స్టాట్,ఎల్‌స్టార్ట్,ఆర్గ్స్ -పీ 48213

అన్నీ చిన్నక్షరాలే, కామాల మధ్య స్పేస్ లేదు. యూజర్ అంటే ఎవరి పేరు మీద నడుస్తోంది. పీపిడ్ అంటే దీన్ని పుట్టించిన ప్రాసెస్. స్టాట్ అంటే ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, పెద్ద టీ ఉంటే ఆగి ఉన్నట్టు. ఎల్‌స్టార్ట్ అంటే ఎప్పుడు మొదలైంది, తేదీ టైమ్‌తో సహా, ఇది నాకు అన్నింటికన్నా ఇష్టమైన కాలమ్, "నేనేం చేయలేదు" అన్నవాళ్లకి టైమ్ చూపిస్తే చాలు గుర్తొచ్చేస్తుంది. ఆర్గ్స్ అంటే దాన్ని లేపిన కమాండ్ మొత్తం, అందులో జార్ ఫైల్ పేరో స్క్రిప్ట్ పేరో కనిపిస్తుంది. ఇంకా అనుమానంగా ఉంటే అది ఏ ఫోల్డర్‌లోంచి నడుస్తోందో చూడండి: లినక్స్‌లో సుడో పీడబ్ల్యూడీఎక్స్ 48213, మ్యాక్‌లో ఎల్ఎస్ఓఎఫ్ -ఏ -పీ 48213 -డీ సీడబ్ల్యూడీ.

మా వాడి దగ్గర ఎల్‌స్టార్ట్ సాయంత్రం ఆరుంపావు చూపించింది, ఆర్గ్స్‌లో వాడి ప్రాజెక్ట్ పేరే ఉంది, స్టాట్ దగ్గర పెద్ద టీ అక్షరం. ఆ టీ చూడగానే నాకు అర్థమైపోయింది. "ఆరుంటికి సర్వర్ ఆపినప్పుడు కంట్రోల్ సీ కొట్టావా, కంట్రోల్ జెడ్ కొట్టావా?" అన్నాను. "జెడ్డే బావా, రోజూ అదే కొడతా, ఆగిపోతుంది కదా."

ఆగిపోతుంది, పోదు. కంట్రోల్ జెడ్ ప్రోగ్రామ్‌ని ఎక్కడిదక్కడ స్తంభింపజేస్తుంది, అంతే. ప్రాంప్ట్ తిరిగొస్తుంది కాబట్టి ముగిసిందనుకుంటాం, కానీ అది బతికే ఉంటుంది, పోర్ట్ పట్టుకునే ఉంటుంది. ఇంకో తమాషా ఏంటంటే, అలా ఆగిన ప్రాసెస్‌కి వేరే టెర్మినల్ నుంచి మామూలుగా కిల్ 48213 అని కొడితే చావదు. సిగ్నల్ వెళ్లి గుమ్మం దగ్గర కూర్చుంటుంది, లోపలివాడు లేస్తే గానీ అందుకోడు. మా వాడు నాకు ఫోన్ చేసేముందు అదీ ప్రయత్నించాడట, "కిల్ కూడా పనిచేయట్లేదు, అందుకే రీస్టార్ట్ అన్నా" అన్నాడు. ఆ పాత టెర్మినల్‌కి వెళ్లి జాబ్స్ అని కొట్టమన్నాను. స్టాప్డ్ అని దాని పేరు కనపడింది. ఎఫ్‌జీ అని కొట్టగానే లేచింది, లేస్తూనే గుమ్మంలో కూర్చున్న కిల్ తగిలి తనంతట తనే ముగిసిపోయింది, కంట్రోల్ సీ కొట్టే పని కూడా పడలేదు.

ఆపేటప్పుడు ఒక వరుస ఉంది

అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. పిడ్ ఎవరిదో తెలిశాక, దాన్ని ఎవరు లేపారో వాళ్ల చేతే ఆపించాలి. లినక్స్ సర్వర్ మీదైతే సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ 48213 అని పిడ్ ఇచ్చి చూడండి, అది ఏ సర్వీస్ కిందకి వస్తుందో పేరుతో చెప్తుంది. సర్వీస్ అని తేలితే సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ అని ఆ పేరుతో ఆపాలి. కిల్ కొడితే సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని లేపి చూసుకునే ప్రోగ్రామ్) మళ్లీ లేపొచ్చు, మీరు చంపుతూ ఉంటారు, అది లేపుతూ ఉంటుంది, ప్రతిసారీ పిడ్ మాత్రం మారుతుంది. పిడ్ మారుతూ ఉందంటే వెనక ఎవరో లేపుతున్నారని అర్థం. కోడ్ మారగానే సర్వర్‌ని మళ్లీ నడిపే నోడ్‌మాన్ లాంటివి కూడా అంతే, పిల్లని కాదు, పీపిడ్ చూసి తల్లిని ఆపాలి.

అప్పుడప్పుడు ఎస్ఎస్‌లో పిడ్ 1, సిస్టమ్‌డీ అని వస్తుంది. భయపడకండి, అది సాకెట్ యాక్టివేషన్, అంటే ఎవరైనా ఆ పోర్ట్‌కి వచ్చాకే అసలు సర్వీస్‌ని లేపుదామని సిస్టమ్‌డీయే ముందుగా పోర్ట్ పట్టుకుని ఉంటుంది. సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-సాకెట్స్ అని కొడితే ఏ పోర్ట్ ఎవరికోసమో కనిపిస్తుంది, ఆ సాకెట్ యూనిట్‌ని ఆపాలి.

డాకర్-ప్రాక్సీ అని వస్తే దాన్ని చంపకండి. డాకర్ పీఎస్ కొట్టి ఏ కంటెయినర్ (డాకర్ విడిగా గదిలో పెట్టినట్టు నడిపే ప్రోగ్రామ్) ఆ పోర్ట్‌ని బయటికి తెరిచిందో చూసి డాకర్ స్టాప్ కొట్టండి. ఎస్ఎస్‌హెచ్ అని వస్తే మీరే ఎప్పుడో వేరే మెషీన్‌లోని డేటాబేస్‌కి దాంతో టన్నెల్ (దొడ్డిదారి) వేసి మర్చిపోయుంటారు. నా విషయంలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పోర్ట్ 5432 దగ్గర పది సార్లలో ఆరు సార్లు ఇదే. ఎంజిన్ఎక్స్ లాంటి వెబ్ సర్వర్లు ఒకే పోర్ట్ మీద ఐదారు పిడ్‌లు చూపిస్తాయి, ఒక మాస్టర్, మిగతావి వర్కర్లు. వర్కర్ని చంపితే మాస్టర్ ఇంకోదాన్ని పుట్టిస్తుంది.

ఇవేవీ కాదు, ఊరికే మిగిలిపోయిన ప్రాసెస్సే అని నిర్ధారణ అయితే అప్పుడు కిల్ 48213. నంబర్ ఏమీ ఇవ్వకపోతే అది 15వ సిగ్నల్ పంపుతుంది, టర్మ్ అంటారు, "సర్దుకుని బయల్దేరు నాయనా" అని చెప్పడం. ఐదారు సెకన్లు ఆగి మళ్లీ ఎస్ఎస్ కొట్టి చూడండి. ఇంకా ఉంటే ఇంకొంచెం ఆగండి. అప్పటికీ కదలకపోతేనే కిల్ -9. అది ప్రోగ్రామ్‌కి మాట్లాడే అవకాశమే ఇవ్వదు, కెర్నల్ నేరుగా పీకేస్తుంది, సగం రాసిన ఫైళ్లు సగంలోనే, లాక్ ఫైళ్లు ఎక్కడివక్కడే. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌కి 9 వాడొద్దని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. రైల్స్ (రూబీలో వెబ్‌సైట్లు రాసే ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్లకి ఇంకో చిక్కు, 9తో చంపాక టీఎంపీ/పిడ్స్ ఫోల్డర్‌లో సర్వర్.పిడ్ ఫైల్ మిగిలిపోయి, పోర్ట్ ఖాళీగా ఉన్నా "సర్వర్ ఆల్రెడీ నడుస్తోంది" అని మొండికేయొచ్చు. అక్కడ ఎస్ఎస్ ఎన్నిసార్లు కొట్టినా ఏమీ కనపడదు, ఆ ఫైల్ తీసేయాలి.

ఎవరూ కనపడరు, పోర్ట్ మాత్రం దొరకదు

సుడో పెట్టారా? పెట్టారు. అయినా లేదు. అప్పుడు ముందుగా ఎల్ తీసేసి ఏ పెట్టండి, అంటే సుడో ఎస్ఎస్ -టీఏఎన్‌పీ, లిజన్ చేసేవే కాకుండా అన్ని కనెక్షన్లూ చూపిస్తుంది. అందులో మీ పోర్ట్ టైమ్-వెయిట్ అని కనపడితే దానికి పిడ్ ఉండదు, ప్రోగ్రామ్ ఎప్పుడో వెళ్లిపోయింది, పాత కనెక్షన్ తాలూకు ప్యాకెట్లు ఆలస్యంగా వస్తాయేమో అని కెర్నల్ ఆ లెక్క కొంతసేపు మూయకుండా ఉంచింది. లినక్స్‌లో అది 60 సెకన్లు. టీ తాగొస్తే అయిపోతుంది. ప్రతిసారీ ఇదే గొడవైతే ప్రోగ్రామ్‌లో రీయూజ్‌అడ్రస్ ఆప్షన్ పెట్టాలి, ఎవరినో చంపి లాభం లేదు.

రెండోది కొంచెం అరుదు గానీ పిచ్చెక్కిస్తుంది. మీ సర్వర్ 50051 లాంటి పెద్ద నంబర్ మీద నడుస్తుంది, నెలకోసారి లేవనంటుంది, మళ్లీ ప్రయత్నిస్తే లేస్తుంది. మన మెషీన్‌లోంచి బయటికి వెళ్లే ప్రతి కనెక్షన్‌కీ కెర్నల్ ఇటువైపు ఒక పోర్ట్ ఇస్తుంది, లినక్స్‌లో మామూలుగా 32768 నుంచి 60999 మధ్యలోంచి. మీ 50051 ఆ మధ్యలోనే ఉంది. ఎవరో బయటికి కనెక్ట్ అవుతూ అదే నంబర్ ఎత్తుకుపోయారు, వాళ్లు లిజన్ చేయట్లేదు కాబట్టి ఎల్ పెట్టినంతకాలం కనపడరు. సర్వర్‌కి 32768 కంటే కింద నంబర్ ఇవ్వడం సులువు, లేదా ఐపీ_లోకల్_రిజర్వ్‌డ్_పోర్ట్స్ అనే కెర్నల్ సెట్టింగ్‌లో మీ నంబర్ రాసి పెట్టుకోండి, ఇక ఎవరికీ ఇవ్వదు.

మూడోది, కెర్నలే పట్టుకోవడం. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే ఎన్ఎఫ్ఎస్ సర్వర్ 2049, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ తీసుకునే యూడీపీ పోర్ట్, వీటి వెనక మామూలు ప్రాసెస్ ఉండదు, పిడ్ కాలమ్ ఖాళీయే. ఆ సర్వీస్‌నే ఆపాలి.

ఎస్ఎస్ లేదు, ఎల్ఎస్ఓఎఫ్ లేదు, ఏమీ లేదు

చిన్న కంటెయినర్ ఇమేజ్‌ల లోపల ఇదే పరిస్థితి, ఇన్‌స్టాల్ చేద్దామన్నా బయటికి నెట్ ఉండదు. అప్పుడు /ప్రాక్ (పీ ఆర్ ఓ సీ) ఉంటుంది, అది కెర్నల్ స్వయంగా రాసిచ్చే లెక్క. క్యాట్ /ప్రాక్/నెట్/టీసీపీ అని తెరవండి, ఐపీవీ6 వాటికి చివర టీసీపీ6. జావా వాళ్లు రెండోది కూడా తప్పకుండా చూడండి, జావా మామూలుగా అక్కడే కూర్చుంటుంది.

అందులో పోర్టులు హెక్సాడెసిమల్‌లో ఉంటాయి, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్క, 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. 8080 అంటే 1ఎఫ్90. నమ్మకపోతే చేసి చూడండి: 1ని 4096తో, ఎఫ్ అంటే 15ని 256తో, 9ని 16తో గుణించి కలిపితే 4096, 3840, 144, మొత్తం 8080. ఐపీ కూడా తిరగేసి ఉంటుంది, 127.0.0.1 కాస్తా 0100007ఎఫ్ అవుతుంది. రెండో కాలమ్‌లో కోలన్ తర్వాత 1ఎఫ్90 ఉన్న లైన్ పట్టుకోండి, దాని నాలుగో కాలమ్‌లో 0ఏ ఉంటే లిజన్ చేస్తున్నట్టు. అదే లైన్‌లో పదో కాలమ్ ఐనోడ్ నంబర్, అంటే ఆ సాకెట్‌కి కెర్నల్ పెట్టుకున్న గుర్తింపు నంబర్, 913527 అనుకుందాం. ఇప్పుడు రూట్‌గా ఉండి ఇది కొట్టండి:

ఎల్ఎస్ -ఎల్ /ప్రాక్/*/ఎఫ్‌డీ/* | గ్రెప్ 913527

ఎడమవైపు /ప్రాక్/48213/ఎఫ్‌డీ/45, బాణం గుర్తు, కుడివైపు సాకెట్ అని బ్రాకెట్లో 913527. మధ్యలో ఉన్న 48213 పిడ్, చివరి 45 ఇందాక వదిలేయమన్న ఎఫ్‌డీ, ఆ ప్రాసెస్ తెరిచిన ఫైళ్లలో ఈ సాకెట్ నంబర్. ఎస్ఎస్ చేసేది కూడా దాదాపు ఇదే, సాకెట్ లిస్ట్ కెర్నల్‌ని అడిగి, పిడ్ కోసం ఈ ఫోల్డర్లే వెతుకుతుంది. సుడో లేకపోతే పేరెందుకు రాదో ఇప్పుడు తెలిసిందిగా, పక్కవాడి ఎఫ్‌డీ ఫోల్డర్ మనకి తెరుచుకోదు.

కంటెయినర్ లోపల నుంచి చూస్తే లోపలివే కనపడతాయి, బయట నుంచి చూస్తే బయటివే. నెట్‌వర్క్ గది వేరు, లెక్క కూడా వేరు. లోపల 8080, బయట 8080 ఒకేసారి ఉన్నా గొడవ లేదు.

వేరే యూనిక్స్‌లు వాడేవాళ్లకి ఒక్క ముక్క. ఫ్రీబీఎస్‌డీలో సాక్‌స్టాట్ -4 -ఎల్ -పీ 8080 ముందే ఉంటుంది, హాయిగా ఉంటుంది. ఓపెన్‌బీఎస్‌డీలో ఎఫ్‌స్టాట్. ఏఐఎక్స్‌లో నెట్‌స్టాట్ -ఏఏఎన్, అందులో మొదటి ఏ పెద్దది, దాంతో సాకెట్ అడ్రస్ తీసి ఆర్‌ఎమ్‌సాక్‌కి ఇస్తే పట్టుకున్న ప్రాసెస్ పేరు చెప్తుంది. ఆ కమాండ్ పేరు చూస్తే ఏదో తీసేసేలా ఉంటుంది, వాడుతున్న ప్రాసెస్ ఉంటే మాత్రం తీయదు.

మర్నాడు పొద్దున

తొమ్మిదింటికి మళ్లీ ఫోన్. డెమో ఆఫీస్ వాళ్లిచ్చిన మ్యాక్ మీద చేయాలట, పైథాన్‌లో ఫ్లాస్క్ సర్వర్ ఒకటి 5000 మీద లేపాలి, లేవట్లేదు. ఈసారి వాడే ఎల్ఎస్ఓఎఫ్ కొట్టేశాడు, పెద్ద పీ కూడా సరిగ్గా. "కంట్రోల్‌సీఈ అని సగం పేరు వచ్చింది బావా, చంపితే మళ్లీ లేస్తోంది, పిడ్ మారుతోంది." ఎల్ఎస్ఓఎఫ్ మామూలుగా పేరులో తొమ్మిది అక్షరాలే చూపిస్తుంది, +సీ 0 అని కలిపితే పూర్తి పేరు వస్తుంది. కంట్రోల్‌సెంటర్. 2021లో వచ్చిన మాంటెరీ నుంచి మ్యాక్‌లో ఎయిర్‌ప్లే రిసీవర్ 5000, 7000 పోర్టులు తీసుకుంటోంది, ఫ్లాస్క్‌కేమో ముందునుంచీ అలవాటు 5000. సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్, అందులో ఎయిర్‌డ్రాప్ అండ్ హ్యాండాఫ్, అక్కడ ఎయిర్‌ప్లే రిసీవర్ ఆఫ్ చేయమన్నాను. ఆఫీస్ మ్యాక్ కదా, సెట్టింగ్స్ ముట్టుకోవచ్చో లేదో అని టెన్షన్ పడ్డాడు. అయితే వదిలెయ్, ఫ్లాస్క్‌నే --పోర్ట్ 5050 అని లేపు, ముందు ఆ నంబర్‌కి ఎల్ఎస్ఓఎఫ్ కొట్టి చూసుకో అన్నాను.

కొట్టాడు. "ఏమీ రాలేదు బావా, ఖాళీగా ప్రాంప్ట్ వచ్చేసింది, తప్పు కొట్టానా?"

లేదురా, ఏమీ రాకపోతే ఖాళీగా ఉన్నట్టు. లేపు.